స్విచ్ ఆపితే షాక్ ఎక్కువయ్యే హీటర్: ఓ హాస్టల్ సోలార్ ట్యాంక్ కేసు

జనవరిలో ఒక రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో ఎస్సార్ నగర్ వైపు ఒక మగపిల్లల హాస్టల్, గ్రౌండ్ ప్లస్ మూడు ఫ్లోర్లు, ఓ ముప్పై అయిదు మంది ఉంటారు. ఓనర్ నాకు పాత పరిచయమే. "అన్నా, మూడో ఫ్లోర్ బాత్రూంలో నల్లా ముట్టుకుంటే జివ్వుమంటోందంట, నిన్న మా పనిపిల్లాడు మేడ మీద సోలార్ ట్యూబులు కడగడానికి పోయి ట్యాంక్ దగ్గర కరెంట్ కొట్టి వెనక్కి పడ్డాడు, అదృష్టం బాగుండి పిట్టగోడ వైపు పడలేదు" అన్నాడు. నేను అడిగిన మొదటి మాట, హీటర్ స్విచ్ ఆపారా అని. ఆపేశాం, నిన్ననే ఆపేశాం, ఆపినా కొడుతోంది, ఇంకా చెప్పాలంటే ఆపినప్పుడే ఎక్కువ కొడుతోంది అన్నాడు. కంగారులో అటూ ఇటూ చెప్తున్నాడేమో అనుకున్నా. వెళ్ళి చూశాక తెలిసింది, ఆయన చెప్పింది అక్షరాలా నిజం, మొత్తం కేసుకి తాళంచెవి కూడా ఆ ఒక్క మాటే.

మేడ మీద ఉన్నది 500 లీటర్ల సోలార్ వాటర్ హీటర్, గాజు ట్యూబుల రకం. మబ్బు రోజులకి, చలికాలానికి పనికొచ్చేలా ట్యాంక్ పక్కన ఫ్లాంజ్‌లో, అంటే బోల్టులతో బిగించే మూతలో, 3 కిలోవాట్ల బ్యాకప్ ఎలిమెంట్ ఉంటుంది, నీళ్ళలో మునిగి ఉండే రాడ్ లాంటిదే, దాని పక్కనే సన్న గొట్టంలో థర్మోస్టాట్. ఇది పెట్టి అయిదారేళ్ళయింది. వైరింగ్ చేసింది ప్లంబరు తెచ్చిన మనిషి. బిల్డింగ్‌లో పైపులన్నీ సీపీవీసీ, అంటే వేడి నీళ్ళకి ఆగే ప్లాస్టిక్. ఈ పైపుల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం అవుతుంది.

ముందు చేసింది మేడ తలుపుకి తాళం వేయించడం. తర్వాత హిస్టరీ అడిగా. ఇది చాలామంది చేయరు, టెస్టర్ తీసుకుని పైకెక్కేస్తారు, నా అనుభవంలో సగం జబ్బు మనుషులు చెప్పే మాటల్లోనే దొరుకుతుంది. చెప్పిందేంటంటే, దసరా తర్వాత చలి మొదలైనప్పటినుంచి బ్యాకప్ వేస్తున్నారు, అప్పట్నుంచి ఆర్‌సీసీబీ (పోయిన కరెంట్‌కీ తిరిగొచ్చిన కరెంట్‌కీ తేడా వస్తే లైన్ తెంపేసే బ్రేకర్) రోజుకి రెండు మూడు సార్లు పడిపోయేది, ఎక్కువగా తెల్లవారుజామున. పైగా ఒక విచిత్రం, హీటర్ నడుస్తున్నంతసేపు బానే ఉండేది, నీళ్ళు కాగి హీటర్ దానంతట అది ఆగాక ట్రిప్ అయ్యేది. ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు, అతను వచ్చి "ఏదో" చేశాడు, ట్రిప్ అవడం ఆగిపోయింది, డబ్బులు తీసుకుని వెళ్ళాడు. నెల తర్వాత నుంచి మూడో ఫ్లోర్‌లో జివ్వుమనడం. ఇంకొకతన్ని పిలిస్తే టెస్టర్ పెట్టి చూసి, సిరీస్ ల్యాంప్‌తో, అంటే ఎలిమెంట్ గుండా బల్బు వెలిగించి చూసి, ల్యాంప్ వెలిగింది కాబట్టి ఎలిమెంట్ బాగుంది, ఇది ఇండక్షన్ వోల్టేజ్ (పక్క వైర్ల వల్ల ఊరికే కనిపించేది), ఏం కాదు అని చెప్పి వెళ్ళాడంట. ఆ "ఏం కాదు" విన్నాకే పిల్లాణ్ణి ధైర్యంగా మేడ మీదకి పంపారు.

నియాన్ టెస్టర్ గురించి ఇక్కడే చెప్పేస్తా. అది వెలగడానికి మైక్రో ఆంపియర్లు చాలు. మనిషికి ఏమీ కాని చోటా వెలుగుతుంది, మనిషిని చంపే చోటా అంతే వెలుగుతుంది. రెంటికీ తేడా అది చెప్పలేదు. మల్టీమీటర్ కూడా ఒంటరిగా చెప్పలేదు, ఎందుకంటే డిజిటల్ మీటర్ లోపలి రెసిస్టెన్స్ కోటి ఓమ్‌ల దాకా ఉంటుంది, సన్నటి లీకేజీకి కూడా నిండు వోల్టేజ్ చూపిస్తుంది. మూడో ఫ్లోర్ నల్లాకీ బాత్రూం బయటి సాకెట్ ఎర్త్ పిన్‌కీ మధ్య పెడితే 210 వోల్టులు చూపించింది. గ్రౌండ్ ఫ్లోర్ నల్లాకి పెడితే అక్కడా దాదాపు అంతే. కానీ గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి ఎవరికీ ఏమీ తెలియట్లేదు.

అందుకని నా సంచీలో ఎప్పుడూ ఒక 2 కిలో ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఉంటుంది, దాన్ని మీటర్ ప్రోబుల మధ్య అడ్డంగా పెట్టి కొలుస్తా. తడి మనిషి ఒళ్ళు సుమారుగా ఆ లెక్కలోనే ఉంటుంది, అంటే మనిషి బదులు రెసిస్టర్‌ని నిలబెట్టినట్టు. అలా పెడితే గ్రౌండ్ ఫ్లోర్‌లో 210 కాస్తా 1 వోల్టుకి పడిపోయింది, అర మిల్లీ ఆంపియరు, మనిషికి తెలిసీ తెలియనంత. మూడో ఫ్లోర్‌లో 4 వోల్టులు, అంటే 2 మిల్లీ ఆంపియర్లు, జివ్వుమంటుంది. మేడ మీద ట్యాంక్ ఫ్లాంజ్ కవర్ దగ్గర, కింద రబ్బరు మ్యాట్ వేసుకుని గ్లవుజులతో కొలిస్తే 35 వోల్టులు. అంటే 17 మిల్లీ ఆంపియర్ల పైనే. చేతితో పట్టుకుంటే కండరాలు బిగుసుకుపోయి వదిలించుకోలేని స్థాయి 10 దాటితే మొదలవుతుంది. ఆ పిల్లాడు పట్టుకోలేదు, చెయ్యి వెనక వైపు తగిలింది కాబట్టి విసిరేసింది. ఇది రాసేటప్పుడు కూడా నాకు ఒళ్ళు జలదరిస్తోంది.

ఫ్లోర్‌కీ ఫ్లోర్‌కీ తేడా ఎందుకంటే, పైపు ప్లాస్టిక్ అయినా లోపల నీళ్ళు ఉన్నాయి కదా, ఆ నీళ్ళే వైరు. వీళ్ళ బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 900, ఉప్పు నీళ్ళు, కరెంట్‌ని కొంచెం కొంచెం తీసుకెళ్తాయి. ముప్పావు ఇంచీ పైపులో నాలుగు మీటర్ల నీటి కాలమ్ అంటే లక్ష ఓమ్‌ల దరిదాపు వస్తుంది. మూడో ఫ్లోర్ ట్యాంక్‌కి దగ్గర, పైపు పొట్టి, అందుకే అక్కడ తెలుస్తోంది. కిందకి పోయేకొద్దీ నీటి కాలమ్ పొడుగై కరెంట్ చచ్చిపోతోంది. పాత ఇళ్ళలో జీఐ, అంటే ఇనుప పైపులు ఉండేవి, అవి గోడల్లో నేలలో పోయి ఎంతో కొంత ఎర్త్ అయిపోయేవి, గీజర్ లీకైతే పైపులే తాగేసేవి. సీపీవీసీ వచ్చాక ఆ దొంగ ఎర్తింగ్ పోయింది, కాబట్టి ట్యాంక్‌కి వేసే ఎర్త్ వైరు విలువ పదింతలు పెరిగింది. పైపులు మార్పించుకునే వాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ట్యాంక్ ఫ్లాంజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, రెసిస్టర్ లేకుండా ఉత్త మీటర్‌తో, హీటర్ స్విచ్ వేసి కొలిస్తే 30 వోల్టులు. స్విచ్ ఆపి కొలిస్తే 218. మూడు సార్లు చూశా, అదే. ఆ రోజు లైన్ వోల్టేజ్ 232. ఓనర్ నా మొహం చూసి "నేను చెప్పలా?" అన్నాడు.

దీనికి అర్థం ఒక్కటే ఉంటుంది. ఎలిమెంట్ అంటే లోపల ఒక పొడవాటి నైక్రోమ్ కాయిల్, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గట్టిగా దట్టించి, పైన రాగి గొట్టం. కరెంట్ పోతున్నప్పుడు కాయిల్ ఒక చివర, ఫేజ్ వైపు, 230, రెండో చివర, న్యూట్రల్ వైపు, సున్నా, మధ్యలో మెట్టు మెట్టుగా దిగుతూ వస్తుంది. గొట్టానికి న్యూట్రల్ చివర దగ్గర్లో చిల్లు పడి నీళ్ళు లోపలికెళ్ళి ఆ చోట లీక్ అవుతుంటే, హీటర్ నడిచేటప్పుడు ఆ చోట ఉండే వోల్టేజ్ తక్కువ, కాబట్టి బయటకి వచ్చేదీ తక్కువ. ఇప్పుడు స్విచ్ ఆపితే ఏం కావాలి, ఫేజ్ తెగిపోయి మొత్తం కాయిల్ సున్నాకి రావాలి. అలా కాకుండా 218కి ఎగబాకిందంటే స్విచ్ తెంపుతున్నది ఫేజ్‌ని కాదు, న్యూట్రల్‌ని. న్యూట్రల్ తెగితే కరెంట్ ప్రవహించదు, మెట్లు ఉండవు, కాయిల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా మొత్తం ఫేజ్ మీదే కూర్చుంటుంది. నీళ్ళు వేడెక్కవు, ఇండికేటర్ లైట్ వెలగదు, చూసేవాడికి ఆగిపోయినట్టే ఉంటుంది, కానీ లోపల పామే.

ఇది అర్థమైతే తెల్లవారుజామున ట్రిప్ అవడం కూడా విడిపోతుంది. స్విచ్ తర్వాత అదే వైరులో థర్మోస్టాట్ ఉంది కదా, అదీ న్యూట్రల్‌నే తెంపుతోంది. నీళ్ళు కాగగానే థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, చిల్లు దగ్గర వోల్టేజ్ 30 నుంచి 230కి పోతుంది, లీకేజీ 3 మిల్లీ ఆంపియర్ల నుంచి 21కి లేస్తుంది, ఆర్‌సీసీబీ పడిపోతుంది. అది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. 30 అని రాసి ఉన్నా అది 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు, 30 దగ్గర మాత్రం పడి తీరాలి. ఆర్‌సీసీబీ టెస్టర్ పెట్టి లీకేజీ నెమ్మదిగా పెంచుతూ చూస్తే వీళ్ళది 24 దగ్గర పడుతోంది. మిగతా సామాన్ల లీకేజీ ఒక 3 దాకా ఎప్పుడూ ఉంటుంది, దానికి ఈ 21 కలిస్తే సరిగ్గా అంచు మీద. అందుకే చాలా రోజులు పడేది, ఒక్కోరోజు పడేది కాదు.

మొదటి ఎలక్ట్రీషియన్ చేసిన "ఏదో" ఏంటో ఫ్లాంజ్ కవర్ విప్పగానే కనిపించింది. ఎర్త్ స్టడ్ దగ్గర ఆకుపచ్చ వైరు కట్ చేసి, కొసకి టేప్ చుట్టి, లోపలికి మడిచి పెట్టాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ వైరు ఉన్నన్నాళ్ళూ లీకేజీ అంతా ఆ దారిన భూమిలోకి పోయేది, ఆర్‌సీసీబీ ఆ తేడాని చూసి పడిపోయేది, అంటే అది తన పని తాను చేస్తోంది. వైరు తీసేస్తే లీకైన కరెంట్‌కి పోయే దారి లేదు, తేడా లేదు, ట్రిప్ లేదు. ఎవరైనా ముట్టుకున్నప్పుడే దారి దొరుకుతుంది, ఆ మనిషే ఎర్త్ వైరు అవుతాడు. పిల్లాడి ఒంట్లోంచి పోయినప్పుడు కూడా అది 24 దాటలేదు కాబట్టి ఆర్‌సీసీబీ పడలేదు. ఆర్‌సీసీబీ ఉంటే ఇక ఎర్తింగ్ ఎందుకు అని నన్ను అడిగేవాళ్ళకి ఈ కేసే చెప్తున్నా ఇప్పుడు. ఎర్త్ ఉంటే మనిషి ముట్టుకోకముందే పడుతుంది, లేకపోతే మనిషి ముట్టుకున్నాక, అదీ పడితే.

ఫేజ్, న్యూట్రల్ ఎక్కడ మారాయో వెతకడానికి గంటన్నర పట్టింది. మేడ మెట్ల గదిలో స్విచ్ దగ్గర వైర్లు సరిగ్గానే బిగించారు, వచ్చేదే తప్పు వస్తోంది. రెండో ఫ్లోర్ జంక్షన్ బాక్స్‌లో దొరికింది. కింద నుంచి వచ్చిన వైరు ఒక రకం, పైకి పోయింది వేరే రకం, రెండు కోర్లూ ఎర్రవే, చేత్తో మెలిపెట్టి టేప్ చుట్టిన జాయింట్. మేడ మీద ఎండకి పీవీసీ పెళుసైపోయి వంచితే పగులుతోంది. అదంతా పీకేయాల్సిందే అని అప్పుడే చెప్పేశా.

ట్యాంక్ ఖాళీ చేసి ఎలిమెంట్ బయటికి లాగితే, రాడ్ కనపడలేదు, తెల్లటి దుంపలా ఉంది. అర సెంటీమీటరు మందాన సున్నం. రెసిస్టెన్స్ కొలిస్తే 17.9 ఓమ్‌లు, 3 కిలోవాట్లకి రావాల్సింది 17.6, అంటే కాయిల్ నిక్షేపంగా ఉంది. సిరీస్ ల్యాంప్ వెలిగిందంటే వెలగక ఏం చేస్తుంది, అది కాయిల్ తెగిందా లేదా అనే చెప్తుంది, బాడీకి లీక్ అవుతోందా అనేది చెప్పదు. మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) 500 వోల్టులు పెట్టి కాయిల్‌కీ గొట్టానికీ మధ్య చూస్తే ముల్లు సున్నా మీదే, మల్టీమీటర్‌లో 11 కిలో ఓమ్‌లు. 230ని 11 వేలతో భాగించండి, 21 మిల్లీ ఆంపియర్లు. లెక్క అతికింది.

వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి సున్నం రాల్చాం, పారేసేదే అయినా చిల్లు చూడాలని నాకు పట్టుదల. 30ని 218తో భాగిస్తే 14 శాతం వస్తుంది కదా, అంటే కాయిల్ పొడవులో న్యూట్రల్ చివర నుంచి 14 శాతం దూరంలో ఉండాలి. వేడెక్కే పొడవు 1.4 మీటర్లు, అందులో 14 శాతం అంటే 20 సెంటీమీటర్లు. సరిగ్గా జానెడు దూరంలో, మొదటి వంపు దగ్గర, గుండుసూది మొన అంత నల్లటి చిల్లు. నా హెల్పర్ కుర్రాడు కేక పెట్టాడు. ఇరవై ఏళ్ళ పనిలో రెండు వోల్టేజ్ రీడింగులతో చిల్లు ఎక్కడుందో ముందే చెప్పి, తర్వాత కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. సున్నం పేరుకున్న చోట వేడి నీళ్ళలోకి పోలేక గొట్టం లోపలే ఉడుకుతుంది, దాని కింద ఇరుక్కున్న ఉప్పు లోహాన్ని తింటుంది, ఒకసారి చిల్లు పడితే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమని ఇట్టే పీల్చేస్తుంది.

ఇక వేడి కంట్రోల్ సంగతి. షాక్ గొడవలో ఎవరూ చెప్పలేదు గానీ మూడో ఫ్లోర్ పిల్లలు ఇంకో మాట అన్నారు, నీళ్ళు ఒక్కోసారి చర్మం ఊడొచ్చేంత వేడి, ఒక్కోసారి గోరువెచ్చన కూడా కాదు అని. థర్మోస్టాట్ 60 దగ్గర పెట్టి ఉంది, పొద్దున్న ఆరింటికి నల్లా దగ్గర థర్మామీటర్ పెడితే 74. ఆ గంటకి ఎండ లేదు కాబట్టి సోలార్ వేడి కాదు, హీటర్‌దే. థర్మోస్టాట్ దూరే గొట్టం మీద కూడా అదే సున్నం, నీళ్ళ వేడి దానికి చేరడానికే చాలాసేపు పడుతోంది, తెలిసేలోపు నీళ్ళు దాటిపోతున్నాయి. చల్లారేటప్పుడూ అంతే, ఆలస్యంగా తెలుసుకుంటోంది, అందుకే గోరువెచ్చన. 60 డిగ్రీల నీళ్ళు అయిదు సెకన్లలో కాలుస్తాయి, 70 దాటితే సెకను చాలు. అలాగని మరీ తగ్గించి 40 దగ్గర రోజుల తరబడి నిల్వ ఉంచడమూ మంచిది కాదు, లీజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరిగేది ఆ గోరువెచ్చని నీళ్ళలోనే. అందుకని ట్యాంక్‌లో 60, బాత్రూంలో చల్లనీళ్ళు కలుపుకోవడం, నేను ఎప్పుడూ ఇదే పెడతా.

దాంతోపాటు ఆ థర్మోస్టాట్ మీదనే 13 ఆంపియర్లు నేరుగా పోతున్నాయి. దాని మీద 16 ఆంపియర్లు అని రాసి ఉంటుంది నిజమే, కానీ గంటల తరబడి నడిచే లోడ్‌ని, వేడి ఫ్లాంజ్ కవర్ లోపల, రోజుకి పది సార్లు తెంపి కలుపుతూ ఉంటే కాంటాక్టులు మాడతాయి. విప్పి చూస్తే నల్లగా గుంటలు పడ్డాయి. ఇంకొన్నాళ్ళు పోతే అతుక్కుపోయేవి, అతుక్కుంటే హీటర్ ఆగదు, ఈ ట్యాంక్‌లో వేడి హద్దు దాటితే తెంపే కటౌట్ కూడా వేరే లేదు. గాలి పోయే వెంట్ పైపు తెరిచి ఉంది కాబట్టి ఇక్కడ పేలదు, మరుగుతుంది అంతే, మూసి ఉన్న గీజర్ అయితే సేఫ్టీ వాల్వ్ మీద భారం పడుతుంది.

కొత్తగా చేసింది ఇదీ. కింద డీబీ (బ్రేకర్లుండే బాక్స్) నుంచి మేడ దాకా 28 మీటర్లు, 4 స్క్వేర్ ఎంఎం కాపర్, ఎరుపు నలుపు ఆకుపచ్చ మూడూ వేరు వేరు రంగులు, మధ్యలో జాయింట్ లేకుండా ఒకే వైరు. 2.5 వేసినా వోల్టేజ్ డ్రాప్ 5, 6 వోల్టులే వచ్చేది, నడిచిపోయేది, కానీ ఎండలో మాడే కండ్యూట్‌లో గంటల తరబడి 13 ఆంపియర్లు పోతాయి, అందుకని 4. డీబీలో 20 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, అంటే కరెంట్ హద్దు దాటితే ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపే బ్రేకర్. 16ది ఎందుకు పెట్టలేదంటే వేసవిలో వేడెక్కిన బాక్స్‌లో 16 ఎంసీబీ 13 దగ్గరే అలిసిపోయి పడుతుంది, అప్పుడు మళ్ళీ ఎవడో వచ్చి "ఏదో" చేస్తాడు. హీటర్‌కి విడిగా సొంత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మిగతా ఫ్లోర్లతో కలపకుండా, ఎందుకంటే అందరి లీకేజీలు కలిసి పడుతుంటే ఎవరిది తప్పో తెలియదు.

మేడ మీద వాన పడని బాక్స్‌లో 25 ఆంపియర్ల రెండు పోల్స్ కాంటాక్టర్, అంటే తన సొంత కాయిల్‌లో పోయే చిన్న కరెంట్‌తో పెద్ద లోడ్‌ని కలిపి తెంపే స్విచ్. థర్మోస్టాట్‌నీ టైమర్‌నీ కాంటాక్టర్ కాయిల్ లైన్‌లో పెట్టా, అంటే ఇప్పుడు థర్మోస్టాట్ మీద పోయేది కొన్ని మిల్లీ ఆంపియర్లే, దాని ఆయుష్షు పెరుగుతుంది, కాంటాక్టర్ ఆగితే ఫేజ్, న్యూట్రల్ రెండూ తెగుతాయి. రేపు ఇంకెవరైనా కింద వైర్లు మార్చేసినా ఆపినప్పుడు ఎలిమెంట్ మీద ఏమీ ఉండదు. హై లిమిట్ కటౌట్ మాత్రం కాయిల్ లైన్‌లో పెట్టలేదు, దీని మీద ఓనర్ కొడుకు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, నాతో వాదించాడు. "అంకుల్, అదీ కాయిల్‌లో పెడితే సింపుల్ కదా" అన్నాడు. సింపులే బాబూ, కానీ కాంటాక్టరే అతుక్కుపోతే కాయిల్ ఆపి ఏం లాభం. అందుకని 20 ఆంపియర్ల మాన్యువల్ రీసెట్ కటౌట్‌ని కాంటాక్టర్ తర్వాత ఎలిమెంట్ ఫేజ్‌లోనే నేరుగా పెట్టా, 90 డిగ్రీలది. 80ది పెడితే ఎండాకాలంలో సోలార్ వేడికే నీళ్ళు అక్కడిదాకా పోయి ఊరికే ఎగిరిపోతుంది. దానంతట అది మళ్ళీ కలిసే రకం వద్దు, మనిషి వచ్చి బటన్ నొక్కాలి, అప్పుడే ఎందుకు పడిందని అడుగుతారు.

ఎలిమెంట్ ఇంకోలాయ్ (నికెల్ కలిపిన మిశ్రమ లోహం) గొట్టంది, ఉప్పు నీళ్ళకి రాగి కంటే బాగా ఆగుతుంది. పెట్టేముందు మెగ్గర్ చూస్తే 200 మెగా ఓమ్‌ల పైనే. ట్యాంక్ నిండి, నల్లాల్లో గాలి పోయి నీళ్ళు ధారగా వచ్చాకే స్విచ్ వేశాం, నీళ్ళు లేకుండా నిమిషం నడిచినా కొత్త ఎలిమెంట్ గోవిందా.

టైమర్ వల్ల కరెంట్ కూడా మిగిలింది. ముందు 24 గంటలూ ఆన్‌లో పెట్టేవాళ్ళు, పొద్దున పిల్లలు స్నానాలు చేయగానే చల్లనీళ్ళు వచ్చి చేరతాయి, వెంటనే హీటర్ మొదలవుతుంది, పదకొండింటికి ఎండ గట్టిపడేసరికి ట్యాంక్ అప్పటికే వేడిగా ఉంటుంది, సోలార్‌కి పనే లేదు. లీటరు నీళ్ళని ఒక డిగ్రీ పెంచాలంటే 1.163 వాట్ అవర్లు కావాలి. సాయంత్రానికి సోలార్ 40 దాకా తెచ్చి పెడితే 500 లీటర్లకి ఇంకో 20 డిగ్రీలు అంటే 11.6 యూనిట్లు, 3 కిలోవాట్ల హీటర్‌కి నాలుగు గంటల లోపు. తెల్లవారుజామున రెండున్నర నుంచి పొద్దున్న ఆరున్నర దాకా టైమర్ పెట్టా. సబ్ మీటర్‌లో ముందు చలి రోజుల్లో 22, 24 యూనిట్లు పడేది, ఇప్పుడు 12 దగ్గర ఆగుతోంది.

ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలో కలిసే గుంట) కొలిస్తే 14 ఓమ్‌లు. దీనర్థం చాలామందికి తెలియదు, ఫేజ్ వైరు నేరుగా బాడీకి తగిలినా 230ని 14తో భాగిస్తే 16 ఆంపియర్లే పోతాయి, 20 ఆంపియర్ల ఎంసీబీ కదలనే కదలదు, బాడీ మాత్రం కరెంట్ మీద ఉంటుంది. ఆర్‌సీసీబీ పడటానికి మాత్రం ఈ 14 ఓమ్‌ల ఎర్త్ కూడా సరిపోతుంది. అయినా మంచి పిట్ కావాలి. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే రాయి, హైదరాబాద్ సంగతి తెలిసిందే, డ్రిల్లింగ్ మనిషిని పిలిచి 3 మీటర్లు దింపి జీఐ పైపు పెట్టి చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటోనైట్ మట్టి నింపితే 4 ఓమ్‌ల లోపుకి వచ్చింది. ఇంటి వెనక సంపు పక్కనే పెట్టాం, తేమ పోకుండా.

వెళ్ళేముందు గదులు కూడా చూస్తానన్నా. ట్యాంక్ నీళ్ళు నమ్మకం లేక పిల్లలు బకెట్ రాడ్లు కొనుక్కున్నారు, నాలుగు గదుల్లో దొరికాయి. 1500 వాట్ల రాడ్ 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది, దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌లో, అదీ ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడుతున్నారు, ఒక బోర్డు కరిగి ప్లగ్ అతుక్కుపోయింది. మూడు గదుల సాకెట్లలో ఫేజ్ ఎడమవైపు ఉంది, ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు ఉండాలి. అలాంటి చోట ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్ ఆపితే ట్యాంక్‌లో జరిగిందే బకెట్‌లోనూ జరుగుతుంది. స్విచ్ ఆపాం కదా అని నీళ్ళు కాగాయో లేదో వేలు పెట్టి చూస్తారు. రాడ్‌కి థర్మోస్టాట్ ఉండదు కాబట్టి వేలే థర్మోస్టాట్ అయిపోయింది మన ఇళ్ళల్లో, ప్రతి చలికాలం పేపర్లో ఈ చావులు చదువుతూనే ఉన్నాం. పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పా, నాన్నా, స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకి చేతిలో పట్టుకున్నాకే బకెట్ ముట్టుకోండి, ఐఎస్ఐ మార్కు ఉన్న రాడ్, మూడు పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్, ప్లాస్టిక్ బకెట్. సాకెట్లు సరిచేశాం. 18 లీటర్ల బకెట్ 20 నుంచి 45 డిగ్రీలకి రావడానికి 1500 వాట్ల రాడ్‌కి ఇరవై ఒక్క నిమిషాలు చాలు, గడియారం చూసుకోండి, వేలు వద్దు అన్నా.

మార్చిలో మళ్ళీ వెళ్ళి మెగ్గర్ చూశా, 80 మెగా ఓమ్‌లు, తేమకి కొంచెం దిగడం మామూలే, ఒకటి దాకా వస్తే మార్చేయమని బాక్స్ తలుపు లోపల తేదీతో సహా రాసి అతికించా. ఏడాదికోసారి, వానాకాలం వెళ్ళగానే, సున్నం గీకమని కూడా.

జూన్‌లో మొదటి వానకి ఓనర్ నుంచి ఫోన్. "అన్నా, ఆర్‌సీసీబీ పడింది, ఎవర్నీ పిలవలేదు, ఏదీ పీకలేదు, అలాగే వదిలేసి నీకే చేస్తున్నా" అన్నాడు. పడింది హీటర్‌ది కాదు, ఫ్లోర్ల ఆర్‌సీసీబీ. వెళ్ళి చూస్తే రెండో ఫ్లోర్ వాషింగ్ మెషిన్ వెనక గోడ చెమ్మెక్కి సాకెట్‌లోకి నీళ్ళు దిగుతున్నాయి. సాకెట్ రెండడుగులు పైకి జరిపి పెట్టి వచ్చా.